ఈ-మెయిల్ రిలే వ్యవస్థ: 'సొంత డొమైన్' భావన పరిణామం

వ్యాససంగ్రహం:
మెయిల్ సర్వర్‌కు చేరిన ప్రతి ఉత్తరం విషయంలో ముందుగా తేల్చవలసింది ఒకటి ఉంది. అది ఆ సర్వర్‌లోనే పంచవలసిన ఉత్తరమా, మరొక సర్వర్‌కు అందించవలసిన ఉత్తరమా అన్నది. రెండవ పనిని రిలే అంటారు. సొంత డొమైన్ ఏది, పరాయి డొమైన్ ఏది అన్న నిర్ణయం 1971 నుంచి నేటి వరకు ఎవరి చేతిలో ఉంటూ వచ్చిందో, ఆ నిర్ణయం ఎందుకు తరచు తప్పుతుందో ఈ వ్యాసం చారిత్రకంగా పరిశీలిస్తుంది. సర్వర్ నిర్వాహకులు నేడు ఎదుర్కొనే ఒక సాధారణమైన చిక్కుకు మూలం 1986 నాటి ఒక ప్రమాణ నిర్ణయంలో ఉందని ప్రతిపాదిస్తుంది. డొమైన్ పేరు తెలుగు లిపిలో ఉన్నప్పుడు ఆ చిక్కు తీసుకునే రూపాన్ని కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: ఈ-మెయిల్, రిలే, డొమైన్, ఎం.ఎక్స్. రికార్డు, సెండ్‌మెయిల్, పోస్ట్‌ఫిక్స్, స్పామ్, తెలుగు డొమైన్ నామాలు

1. ప్రవేశిక

ఒక సంస్థ తన ఈ-మెయిల్‌ను బయటి క్లౌడ్ సేవకు మార్చుకుంటుంది. వెబ్‌సైటు మాత్రం పాత సర్వర్‌లోనే కొనసాగుతుంది. వెబ్‌సైటులో దరఖాస్తు నింపిన అభ్యర్థికి రసీదు వెంటనే అందుతుంది. అదే దరఖాస్తు ప్రతి సంస్థ కార్యాలయానికి కూడా వెళ్లాలి. అది వెళ్లదు. ప్రపంచంలోని ఏ డొమైన్‌కైనా ఉత్తరం పంపగలుగుతున్న ఆ సర్వర్ తన యజమాని డొమైన్‌కు మాత్రం పంపలేకపోతుంది. కార్యాలయంవారు దరఖాస్తులే రాలేదనుకుంటారు. అభ్యర్థి చేతిలో రసీదు ఉంటుంది.

దీనికి సరిగ్గా ఎదురైన పరిస్థితి మరొకటి ఉంది. కొత్తగా నెలకొల్పిన సర్వర్ నుంచి బయటికి ఉత్తరాలు బాగానే వెళ్తుంటాయి. బయటివారు ఆ డొమైన్‌కు రాసిన ఉత్తరాలు మాత్రం 'రిలే నిరాకరించడమైనది' అన్న అర్థం వచ్చే సందేశంతో తిరిగిపోతాయి. తన చిరునామాకే వచ్చిన ఉత్తరాన్ని సర్వర్ పరాయిదిగా భావించి వాకిట్లోనే ఆపివేస్తున్నదన్నమాట.

మొదటి సందర్భంలో సర్వర్ తనది కానిదాన్ని తనదనుకుంది. రెండవ సందర్భంలో తనదాన్ని తనది కాదనుకుంది. ఈ రెండింటినీ సాంకేతిక నిపుణులు విడివిడి లోపాలుగా చూసి, విడివిడిగా మరమ్మతు చేసుకుంటారు. మరమ్మతుకు అది చాలు. కాని సర్వర్‌కు 'తనది' అన్నది ఎలా తెలుస్తుంది, ఎవరు చెబుతారు అని అడిగితే సమాధానం కోసం యాభై యేళ్ల చరిత్రను తడమవలసి వస్తుంది.

2. యంత్రమే చిరునామా అయిన కాలం

అమెరికాలోని బి.బి.ఎన్. సంస్థలో పనిచేస్తున్న రే టామ్లిన్సన్ 1971లో ఆర్పానెట్‌పై ఒక కంప్యూటర్ నుంచి మరొక కంప్యూటర్‌కు సందేశం పంపే ఏర్పాటు చేశాడు. వినియోగదారు పేరును, కంప్యూటర్ పేరును వేరుచేయడానికి ఎట్ గుర్తు (@) ను ఎన్నుకున్నది ఆయనే. ఆ గుర్తుకు కుడివైపున ఉన్నది అప్పట్లో ఒక యంత్రం పేరు. కుడివైపున తన పేరు ఉంటే ఉత్తరం తనది, లేకుంటే కాదు. సందేహానికి తావు లేదు. అన్ని యంత్రాల పేర్లూ ఒకే ఫైలులో ఉండేవి. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫోర్డ్ పరిశోధన సంస్థలో ఉన్న నెట్‌వర్క్ సమాచార కేంద్రం ఆ ఫైలును నిర్వహించేది. తక్కినవారు దాన్ని తెచ్చుకొని వాడుకునేవారు.

1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ రచించిన 821వ ఆర్.ఎఫ్.సి. వెలువడింది. ఆర్.ఎఫ్.సి.లు ఇంటర్నెట్ ప్రమాణపత్రాలు. ఎస్.ఎం.టి.పి. అనే ఉత్తర బదిలీ విధానాన్ని నిర్దేశించిన పత్రమిది. ఇందులోని సమాధాన సంకేతాలను శ్రద్ధగా చదివితే ఆ కాలపు మర్యాద తెలుస్తుంది. ఉత్తరం తన దగ్గరి వ్యక్తికి కాదని తెలిసినప్పుడు సర్వర్ ఇవ్వదగిన సమాధానాలు రెండు. 251వ సంకేతానికి 'ఆయన ఇక్కడ లేరు, అయినా నేను చేరవేస్తాను' అని అర్థం. 551వ సంకేతానికి 'ఆయన ఇక్కడ లేరు, ఫలానా చోట ప్రయత్నించండి' అని అర్థం. ఊరు మారిన మనిషికి వచ్చిన ఉత్తరం విషయంలో పాత ఇంటి పొరుగువారు ఎలా ప్రవర్తిస్తారో ఈ రెండు సంకేతాలూ అలాగే ప్రవర్తించాయి. ఉత్తరం తెచ్చినవాడెవడో, ఎందుకు తెచ్చాడో అడగాలన్న ఊహ ఆ పత్రంలో కనిపించదు.

అదే పత్రం ప్రకారం, ఉత్తరం ఏయే యంత్రాల మీదుగా పోవాలో పంపేవారే వరుసగా రాయవచ్చు కూడా. యు.యు.సి.పి. అనే మరొక వ్యవస్థలో అది తప్పనిసరి. అక్కడ కంప్యూటర్లు టెలిఫోన్ తీగెల మీద ఒకదానినొకటి పిలుచుకొని ఉత్తరాలు మార్చుకునేవి. చిరునామా రాసేవారు దారిలోని ప్రతి యంత్రం పేరునూ ఆశ్చర్యార్థక చిహ్నాలతో విడదీసి రాయవలసి వచ్చేది. ఇటువంటి లోకంలో రిలే చేయడం ప్రత్యేక సేవ కాదు. ప్రతి యంత్రమూ ఎవరి ఉత్తరాన్నైనా ముందుకు అందిస్తేనే ఎవరి ఉత్తరమైనా చేరేది. దీన్ని భద్రతాలోపంగా చిత్రించే నేటి రచనలు ఆ పరిస్థితిని విస్మరిస్తున్నాయి. అప్పటి నెట్‌వర్క్‌కు ఆధారం ఆ పరస్పరాశ్రయమే.

3. పేరుకు, యంత్రానికి మధ్య ఎడం

యంత్రాల సంఖ్య పెరిగేకొద్దీ ఒకే ఫైలులో అన్ని పేర్లూ ఉంచడం అసాధ్యమయింది. 1983 నవంబరులో పాల్ మొకపెట్రిస్ ప్రతిపాదించిన డొమైన్ నామవ్యవస్థ ఆ ఫైలు స్థానాన్ని ఆక్రమించసాగింది. ఇందులో ఉత్తరాల కోసం రెండు రకాల రికార్డులు ఉండేవి. ఒకటి ఎం.డి., అంటే ఉత్తరం చివరికి చేరవలసిన యంత్రం. రెండవది ఎం.ఎఫ్., అంటే ఉత్తరాన్ని తీసుకొని ముందుకు పంపే యంత్రం. గమ్యమేదో, దారిలోని మజిలీ ఏదో నామవ్యవస్థలోనే బహిరంగంగా ప్రకటించే ఏర్పాటు ఇది.

ఈ ఏర్పాటు నిలవలేదు. రెండు రకాల రికార్డులను వేరువేరుగా జ్ఞాపకం పెట్టుకోవడంలో చిక్కులు తలెత్తాయి. 1986 జనవరిలో వెలువడిన 973, 974 సంఖ్యల ఆర్.ఎఫ్.సి.లు ఆ రెండింటినీ తొలగించి వాటి స్థానంలో ఎం.ఎక్స్. అనే ఒకే రికార్డును ప్రవేశపెట్టాయి. ఉత్తరాల దారిని నిర్ణయించే 974వ పత్రాన్ని రచించినవాడు క్రెయిగ్ పార్ట్రిజ్. ఒక డొమైన్ ఉత్తరాలను ఏయే యంత్రాలు తీసుకుంటాయో, వాటిలో దేనికి ప్రాధాన్యమో ఎం.ఎక్స్. చెబుతుంది. తక్కువ సంఖ్య ఉన్న యంత్రానికి ముందు ప్రాధాన్యం.

ఈ మార్పు వల్ల కలిగిన లాభం చాలా పెద్దది. డొమైన్ పేరుకు, యంత్రం పేరుకు ఉన్న ముడి తెగిపోయింది. ఇంటర్నెట్‌కు నేరుగా అనుసంధానం లేని సంస్థ కూడా మరొకరి యంత్రం ద్వారా తన పేరుతో ఉత్తరాలు అందుకోగలిగింది. నష్టం గురించి మాత్రం చరిత్రకారులు అంతగా మాట్లాడలేదు. ఎం.ఎక్స్. రికార్డులో పేరున్న యంత్రం ఆ డొమైన్‌కు చివరి గమ్యమా, లేక మజిలీయా అన్న సమాచారం నామవ్యవస్థ నుంచి అదృశ్యమయింది. ఎం.డి., ఎం.ఎఫ్. రికార్డులు బహిరంగంగా చెప్పిన ఆ విషయాన్ని ఇకపై ప్రతి యంత్రమూ తన సొంత అమరికల ఫైలులో రాసిపెట్టుకోవలసి వచ్చింది. దానితో ఒకే సంగతికి రెండు సాక్ష్యాలు ఏర్పడ్డాయి. ఒకటి లోకానికంతటికీ కనిపించే నామవ్యవస్థ. మరొకటి సర్వర్ లోపల దాగిన జాబితా. ఈ రెండింటినీ ఏకీభవింపజేసే యంత్రాంగాన్ని మాత్రం ఎవరూ ఏర్పాటు చేయలేదు.

సాక్ష్యాలు విభేదిస్తే ఏమవుతుందో పార్ట్రిజ్‌కు తెలుసు. ఎం.ఎక్స్. జాబితాలో ఒక యంత్రం తన పేరునే చూసుకొంటే, తనకంటే ప్రాధాన్యం తక్కువైనవాటినీ తనతో సమానమైనవాటినీ జాబితా నుంచి తీసివేయాలని ఆయన నిబంధన. లేకుంటే ఉత్తరం రెండు యంత్రాల మధ్య అంతులేకుండా తిరుగుతుంది. ఆ తీసివేత తరువాత జాబితాలో ఏమీ మిగలకపోతే, ఆ ఉత్తరం తనదని యంత్రానికి ముందే తెలిసి ఉండాలి. తెలియకపోతే అది అమరికలలోని లోపం. 'ఉత్తరం తిరిగి నా దగ్గరికే వస్తున్నది' అని నేటి సర్వర్లు ఇచ్చే దోషసూచన ఈ నిబంధనకు ప్రత్యక్ష సంతానం.

ఆ లోపలి జాబితాకు ఆద్యం సెండ్‌మెయిల్. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో ఎరిక్ ఆల్మన్ 1979లో డెలివర్‌మెయిల్ అనే ప్రోగ్రాం రాశాడు. దాని వారసురాలైన సెండ్‌మెయిల్ 1983లో బర్క్‌లీ యునిక్స్‌తో పాటు వెలువడింది. ఆర్పానెట్, యు.యు.సి.పి., బర్క్‌లీ స్థానిక నెట్‌వర్క్ వంటి భిన్న వ్యవస్థల చిరునామాలన్నింటినీ అర్థంచేసుకోవడం దాని బాధ్యత. అందుకోసం ఆల్మన్ చిరునామాలను మార్చి రాసే సూత్రాల భాషనొకదాన్ని నిర్మించాడు. చిరునామాను తీసుకొని, ముక్కలు చేసి, నియమానుసారం తిరిగి కూర్చే ఆ పద్ధతి వ్యాకరణం చదివినవారికి కొత్తగా అనిపించదు. అది చదవడానికి దుర్గమమైనదన్న అపకీర్తి కూడా న్యాయమే. అందులో 'డబ్ల్యు' అనే వర్గం ఉంటుంది. ఈ యంత్రం తనవిగా గుర్తించే పేర్లన్నీ ఆ వర్గంలోకి వస్తాయి. చిరునామాలోని పేరు ఈ వర్గంలో ఉంటే సెండ్‌మెయిల్ ఉత్తరాన్ని అక్కడే పంచుతుంది, ఎం.ఎక్స్. రికార్డును చూడనే చూడదు. తనదని తెలిసినదాని గురించి బయట విచారించడం దేనికన్నది దాని తర్కం. ఆ తర్కంలో తప్పు లేదు. తప్పంతా జాబితా పాతబడడంలో ఉంది.

4. తలుపులు తీసిపెట్టిన ఇళ్లు

డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ థ్యూర్క్ 1978 మే 3న సుమారు 400 మంది ఆర్పానెట్ వినియోగదారులకు ఒక వ్యాపార ప్రకటన పంపాడు. దాన్ని తొలి స్పామ్‌గా పేర్కొంటారు. అయితే రిలే చరిత్రలో దానికి పెద్ద పాత్ర లేదు. థ్యూర్క్ తన పేరుతోనే పంపాడు, చీవాట్లు తిన్నాడు. అసలు మార్పు 1990ల నడుమ, ఇంటర్నెట్ వ్యాపారానికి తెరచుకున్నాక వచ్చింది.

ఎస్.ఎం.టి.పి. విధానంలో ఒక ఉత్తరం ప్రతిని ఒక్కసారి ఇచ్చి, దాన్ని అందుకోవలసినవారి చిరునామాలు అనేకం చెప్పవచ్చు. కాగితం ఒకటి ఇచ్చి నూరు కవర్ల మీది చిరునామాలు చదవడం వంటిదిది. నకళ్లు తీసే శ్రమ, పంచే ఖర్చు రిలే చేసే సర్వర్‌వే. నెమ్మదైన టెలిఫోన్ అనుసంధానం ఉన్న వ్యక్తి కూడా ఒక విశ్వవిద్యాలయ సర్వర్‌ను ఈ విధంగా వాడుకొని వేలాది ప్రకటనలు పంపగలిగాడు. అందుకున్నవారికి ఆ ఉత్తరం విశ్వవిద్యాలయం నుంచి వచ్చినట్టే కనిపించేది. తిట్లు విశ్వవిద్యాలయానికి వచ్చేవి. చేరని ఉత్తరాల గుట్ట దాని డిస్కు మీద పేరుకుపోయేది. పరాయివారి ఉత్తరాలను పరాయివారికి చేర్చే మర్యాద ఈ విధంగా దొంగల చేతి పనిముట్టయింది.

నివారణకు తొలి ప్రయత్నం సామాజికమైనది. పాల్ విక్సీ తదితరులు 1997లో ఒక బహిష్కరణ జాబితాను ప్రారంభించారు. స్పామ్‌కు ఆశ్రయమిచ్చే యంత్రాల సంఖ్యాచిరునామాలు ఆ జాబితాలో చేరేవి. దాన్ని సంప్రదించే సర్వర్లు ఆ యంత్రాల నుంచి ఉత్తరాలు తీసుకునేవి కావు. తెరచిన రిలేలను వెదకి పట్టుకొని, వాటిని పేర్కొనే జాబితాలు మరికొన్ని తరువాత వచ్చాయి. గ్రామ కట్టుబాటులో వెలివేతకు దీనికి పోలిక ఉంది, దాని బలమూ దాని అన్యాయమూ రెండూ ఇందులో ఉన్నాయి. జాబితాలో చేరిన నిర్వాహకుడికి తన నేరమేమిటో చాలాసార్లు తెలిసేది కాదు. పదిహేనేళ్లుగా సర్వర్‌ను అదే అమరికతో నడుపుతున్నాడు. అమరిక మారలేదు, దానికి లోకం ఇచ్చే అర్థం మారింది.

అందరూ తలుపులు మూయలేదు. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ సంస్థాపకులలో ఒకడైన జాన్ గిల్మోర్ తన సర్వర్‌ను ఉద్దేశపూర్వకంగా తెరచి ఉంచాడు. ప్రయాణాల్లో ఉన్న మిత్రులు దాని ద్వారా ఉత్తరాలు పంపుకుంటారని, దుర్వినియోగ భయంతో మాట్లాడే మార్గాన్ని మూసివేయడం సెన్సారు వంటిదేనని ఆయన వాదన. 2001లో ఆయనకు ఇంటర్నెట్ అనుసంధానం ఇస్తున్న సంస్థతో ఈ విషయమై వివాదం ఏర్పడింది. గిల్మోర్ వాదం అప్పటికే ఓడిపోయిన పక్షానిది. అయినా దాన్ని మొండితనంగా కొట్టివేయడం న్యాయం కాదు. 821వ పత్రం నాటి పొరుగు మర్యాదను సూత్రంగా సమర్థించిన ప్రముఖులలో ఆయనొకడు.

5. నిరాకరణ నియమమైన వేళ

సెండ్‌మెయిల్ 8.8 వెర్షన్ 1996లో రిలేను అడ్డుకునే తనిఖీ సూత్రాలకు చోటిచ్చింది, కాని వాటిని నిర్వాహకుడే రాసుకోవాలి. 1998లో వచ్చిన 8.9 వెర్షన్ క్రమాన్ని తలకిందులు చేసింది. ఏమీ రాయకుంటే రిలే నిరాకరణే. ఎవరికైనా రిలే చేయదలచినవారు ఆ సంగతిని ప్రత్యేకంగా అమరికల ఫైలులో ప్రకటించుకోవాలి. ఆ ప్రకటనకు సెండ్‌మెయిల్ రచయితలు పెట్టిన పేరులో 'విచ్చలవిడి' అన్న అర్థం గల ఆంగ్ల విశేషణం ఉంది. పదేళ్ల కిందట సాధారణమైన ప్రవర్తనకు ఆ విశేషణం తగిలించడంలో కాలం మారిన తీరు కనిపిస్తుంది.

1999 ఫిబ్రవరిలో స్వీడన్‌లోని చామర్స్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన గున్నార్ లిండ్‌బెర్గ్ రచించిన 2505వ ఆర్.ఎఫ్.సి. ఈ ఆచారానికి ప్రమాణ హోదా కల్పించింది. అనుమతి లేని రిలేను నిరోధించగలగడం సర్వర్ల ప్రాథమిక లక్షణంగా అది పేర్కొంది. ఇక మిగిలిన ప్రశ్న అనుమతి ఎవరికి అన్నది. ఇక్కడే సొంత డొమైన్ అన్న మాట రెండుగా చీలింది. సొంత డొమైన్‌కు వచ్చే ఉత్తరాన్ని ఎవరు తెచ్చినా తీసుకోవాలి. సొంత డొమైన్ వారు బయటికి పంపే ఉత్తరాన్ని రిలే చేయాలి. మొదటిది అందుకునేవారి చిరునామాను బట్టి తేలుతుంది. రెండవది పంపేవారెవరో తెలిస్తేగాని తేలదు.

ఉత్తరంలో పంపినవారి చిరునామా సొంత డొమైన్‌ది అయితే రిలే చేయవచ్చుననే ఐచ్ఛికాన్ని సెండ్‌మెయిల్ ఇచ్చింది, దానితో పాటే హెచ్చరికనూ ఇచ్చింది. పంపినవారి చిరునామా ఎవరైనా ఏదైనా రాయగలిగిన వస్తువు. కవరు వెనుక ఇంటి యజమాని పేరు రాసుకొచ్చిన ప్రతివారినీ ఇంట్లోకి రానివ్వడం వంటిదది. ఎం.ఎక్స్. రికార్డు తనవైపు చూపే ప్రతి డొమైన్‌కూ రిలే చేసే ఐచ్ఛికం ఇంకొకటి. అందులోనూ ఇటువంటి ప్రమాదమే ఉంది. తమ డొమైన్ ఎం.ఎక్స్.ను ఇతరుల సర్వర్ వైపు తిప్పడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. దీని భావం గమనార్హం. లోకం చెప్పే సాక్ష్యం మీద ఆధారపడి తనదేదో తేల్చుకోవడం సర్వర్‌కు క్షేమం కాదని ఆ ఐచ్ఛికాలే నిరూపించాయి. లోపలి జాబితా తప్పనిసరి.

పంపేవారెవరో తేల్చడానికి చివరికి రెండు ఏర్పాట్లు నిలిచాయి. 1998 డిసెంబరులో వచ్చిన 2476వ పత్రం సొంత వినియోగదారులు ఉత్తరాలు అప్పగించడానికి 587 సంఖ్యగల ప్రత్యేక ద్వారాన్ని కేటాయించింది. 1999 మార్చిలో వచ్చిన 2554వ పత్రం రహస్యపదంతో గుర్తింపు నిరూపించుకొనే పద్ధతిని నిర్దేశించింది. అప్పటి నుంచి ఇంటివాళ్లకు ఒక ద్వారం, బయటివాళ్లు తెచ్చే ఉత్తరాలకు 25 సంఖ్యగల పాత ద్వారం.

6. జాబితాల వర్గీకరణ

సెండ్‌మెయిల్‌కు ప్రత్యామ్నాయాలుగా వచ్చిన సర్వర్లు ఈ సమస్యను తొలి నుంచీ దృష్టిలో పెట్టుకున్నాయి. డేనియల్ బెర్న్‌స్టైన్ రూపొందించిన క్యూమెయిల్‌లో రెండు ఫైళ్లు ఉంటాయి. ఒకదానిలో ఇక్కడే పంచవలసిన పేర్లు, మరొకదానిలో బయటివారి నుంచి ఉత్తరం స్వీకరించదగిన పేర్లు. స్వీకరించడం వేరు, పంచడం వేరు అన్న వివేకం ఇందులో స్పష్టంగా ఉంది. కాని రెండవ ఫైలే లేకపోతే క్యూమెయిల్ అందరి ఉత్తరాలూ స్వీకరించి తెరచిన రిలేగా మారుతుంది. ఫైలు ఖాళీగా ఉండడానికి, లేకపోవడానికి ఇంత భేదమున్న చోట కొత్త నిర్వాహకుడు తడబడడంలో ఆశ్చర్యం లేదు.

వియెట్స వెనెమా ఐ.బి.ఎం. పరిశోధనాలయంలో రూపొందించి 1998లో విడుదల చేసిన పోస్ట్‌ఫిక్స్ ఈ వివేకాన్ని పూర్తి వర్గీకరణగా అభివృద్ధి చేసింది. దాని 2.0 వెర్షన్ నుంచి ప్రతి డొమైనూ ఐదు తరగతులలో ఒకదానికి చెందుతుంది. 'మైడెస్టినేషన్' జాబితాలోనిది స్థానిక తరగతి. ఆ యంత్రంలో ఖాతా ఉన్నవారికి అక్కడే పంపిణీ. పేర్లను వేరే చిరునామాలకు మళ్లించేది ఒక తరగతి. యంత్రంలో ఖాతాలు లేకున్నా పెట్టెలు మాత్రం ఉండేది ఒక తరగతి. 'రిలే_డొమైన్స్' జాబితాలోనివి తనవే అయినా పంపిణీ మాత్రం వేరే యంత్రంలో జరుగుతుంది. చివరి తరగతిలో మిగిలిన ప్రపంచమంతా ఉంటుంది; అక్కడికి తన మనుషుల ఉత్తరాలను మాత్రమే పంపుతుంది.

ఈ నాలుగవ తరగతిని ప్రత్యేకంగా గమనించాలి. తనదీ, కాని తన దగ్గర లేనిదీ. 1983లో ఎం.ఎఫ్. రికార్డు చెప్పిన విషయమే ఇది. నామవ్యవస్థ వదులుకున్న భేదం పదహారు, ఇరవై యేళ్ల తరువాత సర్వర్ అమరికలలో పునర్జన్మ ఎత్తింది. ఒకే డొమైన్‌ను రెండు తరగతులలో చేర్చినప్పుడు పోస్ట్‌ఫిక్స్ హెచ్చరిక రాస్తుంది. ఆ హెచ్చరికను పట్టించుకోని నిర్వాహకులే ఎక్కువ.

పోస్ట్‌ఫిక్స్‌తో వచ్చే సహజ అమరికలో యంత్రం పూర్తిపేరు 'మైడెస్టినేషన్' జాబితాలో ఉంటుంది, డొమైన్ పేరు ఉండదు. ప్రవేశికలో చెప్పిన రెండవ చిక్కుకు తరచు ఇదే కారణం. డొమైన్ పేరు ఏ జాబితాలోనూ చేరలేదు కనుక అది చివరి తరగతిలో పడుతుంది, బయటివారు దానికి తెచ్చిన ఉత్తరం రిలే ప్రయత్నంగా కనిపిస్తుంది. పేరును తగిన ఒక్క జాబితాలో చేర్చడమే దానికి పరిష్కారం. కంగారులో బయటి ప్రపంచాన్నంతటినీ 'మైనెట్‌వర్క్స్' అనే విశ్వాసపాత్రుల జాబితాలో చేర్చడం కూడా చిక్కును తీర్చినట్టే కనిపిస్తుంది. అది సర్వర్‌ను 1995 నాటికి వెనక్కు తీసుకుపోతుంది.

7. డొమైన్ ఇల్లు మారినప్పుడు

2006 ఆగస్టులో గూగుల్ సంస్థ ఇతరుల డొమైన్ల ఉత్తరాలను తన సర్వర్లలో నిర్వహించే సేవను ప్రారంభించింది. క్రమంగా చిన్న, పెద్ద సంస్థలు తమ ఎం.ఎక్స్. రికార్డులను ఇటువంటి సేవలవైపు తిప్పాయి. నామవ్యవస్థలో రెండు మూడు పంక్తులు మారిస్తే ప్రపంచంలోని సర్వర్లన్నింటికీ కొత్త చిరునామా తెలిసిపోతుంది. తెలియనిది ఒక్క పాత సర్వర్‌కే. దాని లోపలి జాబితాలో ఆ డొమైన్ ఇంకా సొంతదిగానే ఉంది, కనుక అది బయట విచారించదు. ఊరందరికీ తెలిసిన సంగతి ఇంట్లోవారికి తెలియకపోవడమంటే ఇదే.

ఆ తరువాత జరిగేది రెండు విధాలు. ఖాతా పేరు ఆ యంత్రంలో లేకపోతే 'ఇక్కడ అటువంటి వినియోగదారు లేరు' అని ఉత్తరం తిరిగివస్తుంది. తిరిగివచ్చిన ఉత్తరం వెబ్‌సైటు ప్రోగ్రాం పేరుమీద వస్తుంది, దాన్ని చదివేవారుండరు. ఖాతా పేరు ఉంటే పరిస్థితి మరింత విషమం. ఉత్తరం విజయవంతంగా చేరినట్టు నమోదవుతుంది. వలసకు పూర్వపు పెట్టెలో, ఎవరూ తెరవని చోట పేరుకుంటూ ఉంటుంది. తిరిగివచ్చిన ఉత్తరం కనీసం చేరలేదని చెబుతుంది. ఈ రెండవదానికి ఆ మాట చెప్పే నోరూ లేదు.

పరిశోధన ఆధారాల మీద నడిచినట్టే ఈ అన్వేషణ చిట్టా మీద నడవాలి. పోస్ట్‌ఫిక్స్ తన దినచర్య చిట్టాలో ప్రతి ఉత్తరాన్నీ ఎవరికి అప్పగించిందో రాస్తుంది. సొంత డొమైన్‌కు పంపిన ఉత్తరం ఎదుట క్లౌడ్ సేవవారి యంత్రం పేరు ఉండవలసిన చోట 'రిలే=లోకల్' అని ఉంటే, ఉత్తరం గడప దాటలేదని అర్థం. అప్పుడు గోడమీది తలుపులు, రహస్యపదాలు, స్పామ్ వడపోతలు అన్నీ వదిలి ఆ ఒక్క జాబితానే చూడాలి. డొమైన్ పేరును 'మైడెస్టినేషన్' నుంచి తొలగిస్తే సర్వర్ ఎం.ఎక్స్.ను అడగడం మొదలుపెడుతుంది. సెండ్‌మెయిల్‌లో అయితే 'లోకల్-హోస్ట్-నేమ్స్' ఫైలు చూడాలి. యంత్రం తన పేరుగా డొమైన్ పేరునే పెట్టుకొని ఉంటే జాబితాలో రాయకున్నా అది సొంతదిగానే లెక్కకు వస్తుంది. చాలా కేసులలో చివరి వరకూ దొరకని దోషం అదే.

వెబ్‌సైట్లకు చోటిచ్చే సంస్థలు విరివిగా వాడే సి-ప్యానెల్ ప్రతి డొమైన్‌కూ ఉత్తరాలు స్థానికమా, సుదూరమా అని ఎన్నుకొమ్మంటుంది. వెనుక పనిచేసే ఎక్సిమ్ సర్వర్ ఫిలిప్ హేజెల్ కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో 1995లో ప్రారంభించినది. నామవ్యవస్థను చూసి తనంతట తానే పోల్చుకునే ఐచ్ఛికం కూడా అందులో ఉంది. రెండు సాక్ష్యాలను కలపడానికి జరిగిన ప్రయత్నాలలో వాడుకకు వచ్చినదిది. అయినా ఎన్నిక నిర్వాహకుడి చేతిలోనే ఉండడం గమనించవచ్చు.

సగం మంది ఉద్యోగుల పెట్టెలు క్లౌడ్‌లో, సగం మందివి పాత యంత్రంలో ఉంచే సంస్థలకు పై పరిష్కారం పనికిరాదు. పేరును తీసివేస్తే లోపలివారికి అందవు, ఉంచితే బయటివారికి అందవు. అక్కడ ఒక్కొక్క వ్యక్తికి దారి రాసే పట్టిక అవసరమవుతుంది. డొమైన్ అన్నది ఒకే చోటు అని 1986లో చేసుకున్న భావన అక్కడ చాలదు.

8. తెలుగు లిపిలో సొంత పేరు

తెలుగు లిపిలోని '.భారత్' 2011లో ఇంటర్నెట్ మూలనామాల జాబితాలో చేరింది. 2012 ఫిబ్రవరిలో వెలువడిన 6531వ ఆర్.ఎఫ్.సి. చిరునామాలో ఎట్ గుర్తుకు రెండువైపులా తెలుగు అక్షరాలు రాయడానికి మార్గం చూపింది. పోస్ట్‌ఫిక్స్ 2015లో తన 3.0 వెర్షన్‌తో ఆ సౌకర్యాన్ని అందుకుంది.

తెలుగు డొమైన్ నామానికి రెండు రూపాలుంటాయి. ఒకటి కంటికి కనిపించే తెలుగు రూపం. మరొకటి నామవ్యవస్థ లోపల వాడే రోమన్ అక్షరాల సంకేతరూపం. నామవ్యవస్థను అడిగేటప్పుడు పోస్ట్‌ఫిక్స్ మొదటిదాన్ని రెండవదిగా మార్చుకుంటుంది. తన జాబితాలతో పోల్చేటప్పుడు మాత్రం అలా మార్చదు. ఈ సంగతి దాని అధికారిక వివరణలోనే ఉంది. కాబట్టి 'మైడెస్టినేషన్'లో తెలుగు రూపం మాత్రమే రాసుకున్న సర్వర్‌కు సంకేతరూపంలో చిరునామా రాసిన ఉత్తరం వస్తే అది పరాయిదవుతుంది. రిలే నిరాకరణ సందేశం వెళ్తుంది. రెండు రూపాలూ జాబితాలో రాయాలి.

దీని కింద తెలుగువారికి ఎదురయ్యే మరొక పొర ఉంది. 'నెట్‌వర్క్' వంటి మాటలో పొల్లు తరువాత వచ్చే హల్లు ఒత్తుగా మారకుండా కంటికి కనిపించని విభాజక చిహ్నాన్ని టైపు చేస్తారు. డొమైన్ నామాలకు 2003లో ఏర్పడిన నియమాలు ఆ చిహ్నాన్ని తొలగించివేసేవి. 2010లో వచ్చిన నియమాలు పొల్లు తరువాత దానిని అనుమతించాయి. పర్యవసానంగా, విభాజకం ఉన్న ఒకే తెలుగు పేరు పాత నియమాలను పాటించే ప్రోగ్రాంలో ఒక సంకేతరూపాన్ని, కొత్త నియమాలను పాటించే ప్రోగ్రాంలో మరొక సంకేతరూపాన్ని పొందగలదు. తెరమీద పొల్లు కనిపించే రూపానికి, ఒత్తు పడిన రూపానికి భేదం తెలుగు చదివేవారికి స్పష్టం. సర్వర్ ఆ రెండింటినీ ఒకటిగా చూస్తుందా, రెండుగా చూస్తుందా అన్నది ఎదుటి ప్రోగ్రాం ఏ నియమాలను పాటించిందన్న దాని మీద ఆధారపడుతుంది. అందువల్ల తెలుగు పేరుతో డొమైన్ నమోదు చేసుకునే సంస్థ విభాజక చిహ్నం అవసరం లేని మాటను ఎన్నుకోవడం మేలు. ఎన్నుకున్న పేరును ఉత్తరాల సర్వర్‌కు అప్పగించే ముందు దాని రూపాలన్నింటికీ బయటినుంచి ఒక్కొక్క ఉత్తరం పంపి, చిట్టాలో ప్రతిదాని ఎదుటా ఏమి నమోదయిందో చూడాలి.